అణు ఇంధన పునఃశుద్ధి విధానాన్ని సమాచార హక్కుతో పరిశీలించడం: గోదావరి డెల్టా నుంచి ఒక దారి

మన గోదావరి జిల్లాలలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం కొత్త విద్య కాదు. అడంగల్ నకలు కోసం, లంక భూముల పట్టాల కోసం, ఉపాధి హామీ మస్టరు రోళ్ల కోసం, కాలువలు కట్టేసిన వేసవిలో చేశామని చెప్పిన పూడికతీత పనుల అంచనాల కోసం దరఖాస్తులు పెట్టినవారు ప్రతి మండలంలోనూ కనబడతారు. ఆ పని తెలిసినవారు అదే పది రూపాయల రుసుముతో ముంబయిలోని అణుశక్తి శాఖనూ ప్రశ్నించవచ్చు. తేడా ఒక్కటే: అడంగల్ ఒక రిజిస్టరులో ఉంటుంది, పునఃశుద్ధి మీద, అంటే రియాక్టర్లలో వాడిన ఇంధనం నుంచి పనికొచ్చే పదార్థాలను తిరిగి విడదీయడం మీద, ప్రభుత్వ విధానం మాత్రం ఏ ఒక్క ఫైలులోనూ ఉండదు. అది నాలుగైదు కార్యాలయాల కాగితాలలో ముక్కలు ముక్కలుగా ఉంటుంది, కాబట్టి దరఖాస్తు కూడా ముక్కలుగానే వెళ్లాలి. ఈ వ్యాసమంతా ఆ ముక్కలను ఎలా అడగాలన్న దాని గురించే.

డెల్టాలో ఉండేవారికి ఈ విషయంతో ఏం పని అని అడిగేవారు ఉంటారు. అణు రియాక్టర్లకు కావలసిన భారజలాన్ని తయారుచేసే మణుగూరు కర్మాగారం భద్రాచలానికి ఎగువన గోదావరి పక్కనే ఉంది. రియాక్టర్లలోకి వెళ్లే ఇంధన కట్టలు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్సులో తయారవుతాయి. మన తీరం వెంబడే ఉత్తరానికి వెళితే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. 1995 జనవరిలో పాసర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండడాన్ని చూసిన తరానికి, భద్రతా కాగితాలను ప్రమాదం జరిగిన తరువాత కాక ముందే అడగాలన్న సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

అడగడానికి ముందు ప్రక్రియ కొంత తెలిసి ఉండాలి, లేకపోతే ప్రశ్న తప్పు బల్ల మీదికి వెళుతుంది. మన దేశపు భారజల రియాక్టర్లు ఎక్కువగా సహజ యురేనియంతో నడుస్తాయి, అందులో విచ్ఛిత్తి చెందే యురేనియం-235 కేవలం 0.7 శాతం. రియాక్టరు నుంచి బయటికి తీసిన ఇంధనాన్ని నీటి కొలనులలో ఏళ్ల తరబడి చల్లార్చి, ముక్కలుగా కోసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావణితో యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ వేరుచేస్తారు. మిగిలిన అత్యధిక రేడియోధార్మిక ద్రవాన్ని గాజుగా మార్చి నిల్వచేస్తారు. రైసు మిల్లులో ధాన్యం నుంచి బియ్యం, నూక, తవుడు, ఊక విడిపోయినట్టే ఇక్కడా విడిపోతాయి గానీ, మిల్లులో అన్ని లెక్కలూ ఒకే గుమస్తా దగ్గర ఉంటాయి. ఇక్కడ ఒక్కొక్క దాని లెక్క ఒక్కొక్క కార్యాలయంలో ఉంటుంది, ఊక లాంటి వ్యర్థం లెక్క అన్నిటికంటె ఎక్కువ కాలం ఉండవలసి వస్తుంది.

విడదీసిన ప్లుటోనియాన్ని రెండవ దశలో ఫాస్ట్ రియాక్టర్లలో, అంటే వేగం తగ్గించని న్యూట్రాన్లతో నడిచే రియాక్టర్లలో వాడి, ఆ తరువాత మూడవ దశలో థోరియం వైపు వెళ్లాలన్నది హోమీ భాభా కాలం నుంచి ఉన్న మూడు దశల ప్రణాళిక. ఆంధ్ర తీరపు ఇసుకలో థోరియం ఉండే ఖనిజమైన మోనజైట్ మాట తరచుగా వినబడేది ఈ మూడవ దశ కారణంగానే. ట్రాంబేలో మొదటి పునఃశుద్ధి కర్మాగారం 1964లో మొదలయింది. తరువాత తారాపూర్, కల్పాక్కం కేంద్రాలు వచ్చాయి. తారాపూర్‌లో రెండవ కర్మాగారాన్ని 2011 జనవరిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. కల్పాక్కంలో ఫాస్ట్ రియాక్టరు ఇంధనాన్ని పునఃశుద్ధి చేసే ప్రదర్శనా కర్మాగారాన్ని 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. ఈ ప్రారంభోత్సవాల తేదీలను తేలికగా తీసుకోకూడదు. ప్రతి ప్రారంభోత్సవానికి వెనుక ఒక మంజూరు ఉత్తర్వు, ఒక అంచనా వ్యయం, ఒక సవరించిన అంచనా, పూర్తిచేయవలసిన ఒక గడువు తప్పక ఉంటాయి, దరఖాస్తుదారుకు కావలసినవి అవే.

ఇక ఎవరిని అడగాలి? విధాన నిర్ణయాలు, ఆర్థిక మంజూరులు ముంబయి అణుశక్తి భవన్‌లోని అణుశక్తి శాఖ దగ్గర ఉంటాయి. తారాపూర్, కల్పాక్కం పునఃశుద్ధి కర్మాగారాలను నడిపే న్యూక్లియర్ రీసైకిల్ బోర్డు భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్ కింద ఉంది. ఫాస్ట్ రియాక్టరు ఇంధనపు పరిశోధన కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రానిది. రియాక్టరు దగ్గర కొలనులో ఉన్నంతవరకు వాడిన ఇంధనం న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ చేతిలో ఉంటుంది. విదేశాలతో ఒప్పందాల కాగితాలు విదేశాంగ శాఖలోనూ ఉంటాయి. తప్పు కార్యాలయానికి వెళితే సెక్షన్ 6(3) ప్రకారం వారే అయిదు రోజులలోపు సరైన చోటికి పంపాలి గనుక భయపడనక్కరలేదు. అయినా బదిలీ మీద బదిలీ జరిగి రెండు నెలలు గడిచిపోవడం మామూలే, కాబట్టి మొదటే సరిగా పంపడం మేలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. అణు భద్రతను చూసే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ 1983లో ఏర్పడింది, కానీ 2000 సంవత్సరంలో వచ్చిన ఒక ఉత్తర్వుతో బార్క్ సదుపాయాల పర్యవేక్షణ దాని పరిధి నుంచి తొలగిపోయి బార్క్ లోపలి సేఫ్టీ కౌన్సిల్‌కు వెళ్లింది. 2003 జనవరిలో కల్పాక్కం పునఃశుద్ధి కర్మాగారంలో ఆరుగురు ఉద్యోగులు పరిమితికి మించిన రేడియేషన్‌కు గురైనప్పుడు ఈ మార్పు మీద పెద్ద చర్చ జరిగింది. అందుచేత నా అభిప్రాయంలో ఈ విషయం మీద వేయవలసిన మొట్టమొదటి ప్రశ్న ప్లుటోనియం గురించి కాదు. ఏ పునఃశుద్ధి సదుపాయం నేడు ఏ భద్రతా సంస్థ పరిధిలో ఉంది, ఏ ఉత్తర్వు ప్రకారం ఉంది అన్నదే. అందులో రహస్యం అనడానికి ఏమీ లేదు, జవాబు వస్తే మిగతా దరఖాస్తులన్నిటికీ దారి చూపుతుంది.

దరఖాస్తుకు ముందు, ఇప్పటికే బయట ఉన్నది చదవాలి. అణుశక్తి శాఖ వార్షిక నివేదికలు, కేంద్ర బడ్జెట్‌లో ఆ శాఖ గ్రాంట్ల డిమాండు, పార్లమెంటు ప్రశ్నలకు వచ్చిన లిఖితపూర్వక జవాబులు, ఏఈఆర్‌బీ మీద కాగ్ ఇచ్చిన 2012-13 సంవత్సరపు 9వ నివేదిక ఉచితంగా దొరుకుతాయి. పార్లమెంటు జవాబులలో మంత్రి ఒక అంకె చెప్పి ఉంటే, ఆ అంకెకు ఆధారమైన కాగితాన్ని అడగడం అన్నిటికంటె బలమైన పద్ధతి, ఎందుకంటే సభలో చెప్పిన దానిని తరువాత దేశ భద్రత పేరుతో దాచడం కష్టం. సెక్షన్ 4 ప్రకారం ప్రతి కార్యాలయమూ తనంతట తాను ప్రకటించవలసిన వాటిలో రికార్డుల జాబితా కూడా ఉంది. అది సైటులో లేకపోతే ముందు దానినే అడగాలి.

ఇప్పుడు రాయడం సంగతి. నేను వేసిన మొదటి దరఖాస్తులో ‘ఇతర దేశాలు మానుకుంటున్నా మన ప్రభుత్వం పునఃశుద్ధిని ఎందుకు కొనసాగిస్తోంది?’ అని అడిగాను. సరిగ్గా ముప్పయి రోజులకు ఒక వాక్యంలో జవాబు వచ్చింది: అభిప్రాయాలు, కారణాలు సమాచారం నిర్వచనంలోకి రావు. కోపం వచ్చిన మాట నిజమే గానీ తప్పు నాదే. సెక్షన్ 2(ఎఫ్) నిర్వచించే సమాచారం రికార్డు రూపంలో ఉన్నది మాత్రమే. 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు కూడా, కార్యాలయం దగ్గర లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వవలసిన పని లేదని చెప్పింది. ‘ఎందుకు’ అన్న ప్రశ్నను ‘ఏ కాగితం మీద’ అన్న ప్రశ్నగా మార్చుకోవాలి. నా రెండవ దరఖాస్తులోని ప్రశ్నలు సుమారుగా ఇలా ఉన్నాయి:

‘వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేయడానికి అయ్యే ఖర్చును, చేయకుండా నేరుగా నిల్వచేయడానికి అయ్యే ఖర్చుతో పోలుస్తూ మీ కార్యాలయం తయారుచేసిన లేదా తయారుచేయించిన అధ్యయనాల పేర్లు, తేదీలు, పేజీల సంఖ్య తెలియజేయగలరు. అటువంటి అధ్యయనం ఏదీ మీ రికార్డులలో లేకపోతే, లేదని లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

2000 సంవత్సరం నుంచి నేటివరకు బార్క్ సేఫ్టీ కౌన్సిల్‌ను ఏర్పాటుచేస్తూ, పునర్వ్యవస్థీకరిస్తూ జారీ అయిన ఉత్తర్వుల ధ్రువీకృత నకళ్లు, ప్రతి సంవత్సరం జరిగిన సమావేశాల తేదీలు ఇవ్వగలరు.

సమాచారంలో ఏ భాగమైనా సెక్షన్ 8 కింద మినహాయింపు పొందితే, ఆ భాగాన్ని తీసివేసి మిగిలినది సెక్షన్ 10 ప్రకారం ఇవ్వగలరు.’

మొదటి ప్రశ్నలో అధ్యయనాన్ని కాకుండా దాని పేరును, పేజీల సంఖ్యను అడిగిన సంగతి గమనించాలి. పేరు ఇవ్వడానికి దేశ భద్రత అడ్డు చెప్పడం కష్టం, పేరు తెలిసిన తరువాత అధ్యయనాన్ని అడగడం వేరే దరఖాస్తు అవుతుంది. ఇక ‘రికార్డులలో లేదు’ అన్న జవాబును చాలామంది ఓటమిగా భావించి చించి పారేస్తారు. నిజానికి దశాబ్దాలుగా వేల కోట్లు ఖర్చుపెట్టిన ఒక విధానానికి ఖర్చుల పోలిక తమ దగ్గర లేదని ఒక కార్యాలయం సంతకం చేసి ఇస్తే, అంతకు మించిన పత్రం మనకు దొరకదు. ఆ కాగితాన్ని స్కాన్ చేసి రెండు చోట్ల భద్రపరచుకోవాలి.

రికార్డులను ఎంతకాలం ఉంచి ఎప్పుడు నాశనం చేస్తారో చెప్పే కాలపట్టికను కూడా అడగాలి. ఒక ఫైలు లేదంటే అది ఎప్పుడూ లేదా, లేక గడువు తీరి తీసివేశారా అన్నది ఆ పట్టిక లేకుండా తేలదు. ఫైలు పెద్దదయితే నకళ్లకు బదులు తనిఖీ కోరవచ్చు; మొదటి గంట ఉచితం, తరువాత గంటకు అయిదు రూపాయలు. అయితే మన ఊళ్ల నుంచి ముంబయి వెళ్లి ఫైలు చూడడమంటే రైలు ఖర్చే వేలల్లో ఉంటుంది, కాబట్టి పేజీకి రెండు రూపాయల నకళ్లే సాధారణంగా చవక.

ఆర్థిక ప్రశ్నలు తరచుగా ఫలిస్తాయి. కల్పాక్కంలో ఫాస్ట్ రియాక్టరు ఇంధన చక్ర కేంద్రానికి 2013లో సుమారు 9,600 కోట్ల రూపాయలతో ఆమోదం లభించింది. అటువంటి ప్రాజెక్టుకు మొదటి మంజూరు మొత్తం, సవరించిన మొత్తాలు, ఏటేటా అయిన ఖర్చు, గడువు పొడిగించిన ఉత్తర్వులు అడగవచ్చు. మంత్రివర్గ పత్రాలు కనుక ఇవ్వమని జవాబు వస్తే, సెక్షన్ 8(1)(ఐ) చివరి భాగాన్ని చూపాలి: నిర్ణయం జరిగి విషయం ముగిసిన తరువాత ఆ నిర్ణయాన్నీ, దాని కారణాలనూ, ఆధారమైన సామగ్రినీ బహిరంగపరచాలని అక్కడే ఉంది. మరొక మంచి ప్రశ్న కొవ్వాడకు సంబంధించినది. అక్కడి రియాక్టర్లకు అమెరికా మూలం గల ఇంధనం వస్తే దానిని పునఃశుద్ధి చేయడానికి 2010 జూలైలో భారత్, అమెరికాలు సంతకం చేసిన ప్రత్యేక ఏర్పాటు వర్తిస్తుంది, దాని ప్రకారం అంతర్జాతీయ తనిఖీ కింద ప్రత్యేక కర్మాగారం కావాలి. ఆ కర్మాగారం స్థలం, అంచనా వ్యయం గురించి ఏ తేదీన ఏ ఉత్తరం నడిచిందో, ఆ ఉత్తరాల జాబితాను అడగవచ్చు.

అడగకూడనివి కూడా ఉన్నాయి. ప్లుటోనియం ఎంత నిల్వ ఉంది, ఎక్కడ ఉంది, వాడిన ఇంధనాన్ని ఏ దారిలో, ఏ రోజున తరలిస్తారు, కాపలా ఎలా ఉంటుంది అన్న ప్రశ్నలు వేయకండి. వాటిని దాచడానికి న్యాయమైన కారణం ఉంది. పైగా ఒకే దరఖాస్తులో అటువంటి ప్రశ్న ఒక్కటి కలిసినా అధికారి దానిని చూపి మిగిలిన వాటినీ తోసిపుచ్చుతాడు. ఒక విషయానికి ఒక దరఖాస్తు అన్న నియమం చట్టంలో లేకపోయినా, మనకు మనం పెట్టుకోవాలి. కేంద్ర నియమాల ప్రకారం దరఖాస్తు సాధారణంగా 500 పదాలు మించకూడదు.

భాష విషయంలో మనవారికి తెలియని ఒక హక్కు ఉంది. దరఖాస్తు పెట్టే ప్రాంతపు అధికార భాషలోనే రాయవచ్చని సెక్షన్ 6(1) చెబుతుంది, కాబట్టి అమలాపురం నుంచి తెలుగులో రాసిన దరఖాస్తును ముంబయి కార్యాలయం భాష పేరుతో తిప్పి పంపకూడదు. కానీ అనువాదంలో ‘వాడిన ఇంధనం’ కాస్తా ‘వ్యర్థ ఇంధనం’గా మారిపోయే ప్రమాదం ఉంది. మన దేశపు విధానంలో వాడిన ఇంధనం వ్యర్థం కాదు, వనరు. ఆ ఒక్క మాట మారితే అధికారి జవాబు తప్పించుకుంటాడు. తెలుగు దరఖాస్తుతో పాటు సాంకేతిక పదాలను ఇంగ్లీషులో రాసిన ఒక కాగితం జతచేస్తే సరిపోతుంది.

పంపే దారులు మూడు. కేంద్రపు ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్ అన్నిటికంటె తేలిక. అక్కడ పెట్టెలో 3000 అక్షరాలే పడతాయి కాబట్టి మిగిలినది జత ఫైలుగా పెట్టాలి. స్పీడ్ పోస్టులో పంపితే పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేయాలి. నియమించిన పోస్టాఫీసులలో కేంద్ర కార్యాలయాల దరఖాస్తులను కూడా స్వీకరిస్తారు, అలా ఇస్తే గడువుకు అయిదు రోజులు అదనం. దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలవారికి రుసుము లేదు, ధ్రువపత్రం జతచేయాలి. కారణం చెప్పమని ఎవరడిగినా సెక్షన్ 6(2) ప్రకారం చెప్పనక్కరలేదు.

జవాబుకు గడువు ముప్పయి రోజులు. తిరస్కరణ వస్తే అందులో ఏ సెక్షన్ రాశారన్నది మొదట చూడాలి. ఎక్కువగా కనబడేది 8(1)(ఎ), అంటే దేశ భద్రత, వ్యూహాత్మక, శాస్త్రీయ ప్రయోజనాలు. సెక్షన్ నంబరు రాసినంత మాత్రాన సరిపోదు, కారణం కూడా చెప్పాలని 7(8), నిరూపించే బాధ్యత అధికారిదేనని 19(5) చెబుతాయి. చట్టం రెండవ షెడ్యూలులో మినహాయింపు పొందిన సంస్థల జాబితా ఉంది, అందులో అణుశక్తి శాఖ గానీ, బార్క్ గానీ లేవు. ‘మా శాఖకు ఈ చట్టం వర్తించదు’ అన్న మాట ఎవరైనా రాస్తే ఈ ఒక్క వాక్యం అప్పీలులో చాలు.

అణు చట్టం సంగతి ఇంతకంటె చిక్కుగా ఉంటుంది. 1962 నాటి అణుశక్తి చట్టం 18వ సెక్షన్ సమాచారాన్ని ఆపే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. భద్రతా లోపాల మీద ఏఈఆర్‌బీ నివేదికను బయటపెట్టాలని వేసిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది. ఆ తీర్పు సమాచార హక్కు చట్టం కంటె ముందుది. 2005 చట్టంలోని 22వ సెక్షన్ ఇతర చట్టాల మీద తనదే పైచేయి అంటుంది. పాత అణుశక్తి చట్టం స్థానంలో ‘శాంతి’ (SHANTI అన్నది దాని ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం) అనే కొత్త చట్టాన్ని 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది కాబట్టి, తిరస్కరణలో ఏ చట్టపు ఏ సెక్షన్ పేర్కొన్నారో దాని పాఠాన్ని ఇండియా కోడ్ సైటులో చదివిన తరువాతే అప్పీలు రాయాలి. ఏ చట్టం పైదన్న వాదనలోకి దిగడం కంటె, ‘దాచవలసిన పేరాలు దాచి మిగిలిన పేజీలు ఇవ్వండి’ అని సెక్షన్ 10 మీద నిలబడడం సామాన్య దరఖాస్తుదారుకు మంచిది. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రపు భద్రతా నివేదిక విషయంలో 2012 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించినది కూడా ఇదే పద్ధతి: సరఫరాదారు సంస్థల సొంత డిజైను వివరాలు తీసివేసి మిగిలినది ఇవ్వమని.

మొదటి అప్పీలు జవాబు అందిన ముప్పయి రోజులలోపు అదే కార్యాలయంలోని పై అధికారికి, రెండవ అప్పీలు ఆ తరువాత తొంభై రోజులలోపు ఢిల్లీలోని కేంద్ర కమిషన్‌కు వేయాలి. రెండింటికీ రుసుము లేదు. తేదీలు దాటితే ఎంత బలమైన వాదనైనా వృథా కావచ్చు, కాబట్టి దరఖాస్తు వేసిన రోజునే ఈ మూడు తేదీలనూ గోడ క్యాలెండరు మీద రాసుకోవాలి.

స్వదేశంలో ఆగిన కాగితం విదేశంలో దొరకవచ్చు. అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టం 1966 నుంచి ఉంది, అక్కడి పౌరులే కాక ఎవరైనా అడగవచ్చు. బ్రిటన్ 2000 నాటి చట్టం కూడా అంతే. బ్రిటన్ సెల్లాఫీల్డ్‌లోని థార్ప్ పునఃశుద్ధి కర్మాగారాన్ని 2018లో మూసివేసింది, ఆ నిర్ణయం వెనుక ఖర్చుల లెక్కలు మన ప్రశ్నలకు మంచి నమూనా. మన పాత ఫైళ్ల కోసం జాతీయ అభిలేఖాగారపు అభిలేఖ్ పటల్ సైటు వెదకాలి. తారాపూర్ రియాక్టర్లు కట్టిన కాలం నాటి ఒప్పందాల మీద విదేశాంగ శాఖ ఫైళ్లు అక్కడ వెదకదగినవి.

రెండవ అప్పీలు విచారణకు రావడానికి ఏడాది దాటడం మామూలే. వచ్చినప్పుడు ఢిల్లీ వెళ్లనక్కరలేదు. కలెక్టరేటులోని ఎన్‌ఐసీ వీడియో గది నుంచి మాట్లాడవచ్చు. నోటీసులో రాసిన సమయానికి అరగంట ముందు చేరి, దరఖాస్తు, జవాబు, మొదటి అప్పీలు, దాని ఉత్తర్వు ఈ వరుసలో పేజీ నంబర్లు వేసిన ఒక కట్ట చేతిలో ఉంచుకోవాలి. మాట్లాడడానికి దొరికేది కొన్ని నిమిషాలే కాబట్టి పునఃశుద్ధి మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి పోకుండా, ఏ పేజీ కావాలో, దానిని దాచడానికి ఏ కారణం చెప్పలేదో మాత్రమే చెప్పాలి. అధికారి విచారణలో ఇస్తామని నోటితో ఒప్పుకుంటే, ఎన్ని రోజులలో ఇస్తారో ఉత్తర్వులో నమోదు చేయమని కమిషనరును అక్కడికక్కడే కోరాలి.